‘ట్రీ ఫ్రాగ్’ అంటే ఏ కప్ప? ఇంగ్లిష్ వాడుక పేర్లు ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ దారి తప్పిస్తాయి

ఇంగ్లిష్‌లో ‘గ్రీన్ ట్రీ ఫ్రాగ్’ అని వెతికితే రెండు రకాల ఫొటోలు కలగలిసి వస్తాయి. ఒకటి సన్నగా, పక్కల వెంట తెల్లటి చారతో ఉండే అమెరికా కప్ప. రెండోది బొద్దుగా, నవ్వుతున్నట్టు మూతి పెట్టుకుని కూర్చునే ఆస్ట్రేలియా కప్ప. రెండూ పచ్చగానే ఉంటాయి, రెండూ చెట్లెక్కుతాయి, రెంటినీ వాటి దేశాల్లో జనం ఆ పేరుతోనే పిలుస్తారు. కానీ జాతులు వేరు, ఖండాలు వేరు. ఒక దాని తిండి, సైజు, ఆయుష్షు గురించి చదివి ఇంకో దాని ఫొటో కింద పెట్టేసిన వ్యాసాలు, వీడియోలు ఇంటర్నెట్‌లో కోకొల్లలు. ఇంత గందరగోళం ఎందుకు పుట్టిందో, దాని వల్ల నష్టం ఎక్కడ జరుగుతుందో, జరగని చోట్ల ఈ పేర్లు ఎంత బాగా పనిచేస్తాయో చూద్దాం.

క్లుప్తంగా

‘ట్రీ ఫ్రాగ్’ అనేది కప్ప బతికే తీరును చెప్పే పేరు, దాని వంశాన్ని చెప్పదు. యూరప్‌లో ఒకే రకం కప్పలకు ఉన్న ఆ పేరును ఇంగ్లిష్ వాళ్లు ప్రపంచమంతా అలాంటివి కనబడినప్పుడల్లా అంటించుకుంటూ పోయారు. అందుకే ఒకే పేరుతో పలు కప్పలు, ఒకే కప్పకు పలు పేర్లు. అలాగని శాస్త్రీయ నామాలన్నీ రాతి మీద చెక్కినట్టు ఉంటాయనుకోవడమూ పొరపాటే, గత ఇరవై ఏళ్లలో ఎక్కువగా మారినవి అవే.

పేరు ఒకటి, వంశాలు చాలా

చెట్లెక్కే కప్పల వేళ్ల చివర గుండ్రటి బిళ్లల్లాంటివి ఉంటాయి. ఆకులకూ గోడలకూ అంటుకుని నిలబడటానికి అవే ఆధారం. వేలి చివరి రెండు ఎముకల మధ్య ఒక చిన్న అదనపు మృదులాస్థి కూడా చాలా వాటిలో ఉంటుంది, దాని వల్ల వేలి కొస అటూ ఇటూ బాగా వంగి బిళ్ల ఉపరితలానికి పూర్తిగా ఆనుతుంది. ఈ రెండు లక్షణాలూ ఒకే పూర్వీకుడి నుంచి అన్ని చెట్టు కప్పలకూ వచ్చినవి కావు. వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టాయి. చెట్టు మీద బతకాలంటే ఎదురయ్యే ఇబ్బంది అందరికీ ఒకటే కాబట్టి దొరికిన పరిష్కారమూ దాదాపు ఒకలాగే ఉంది.

ఇంగ్లిష్‌లో ట్రీ ఫ్రాగ్ అనిపించుకునే వాటిలో ముఖ్యంగా రెండు పెద్ద గుంపులున్నాయి. అమెరికా ఖండాలు, యూరప్, ఆస్ట్రేలియా వైపు ఎక్కువగా కనిపించేది హైలిడే వర్గం. మన దేశంలోనూ ఆగ్నేయాసియాలోనూ ఎక్కువగా ఉండేది, ఆఫ్రికాలోనూ కొన్ని జాతులున్నది రాకోఫోరిడే కుటుంబం. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నా ఈ రెండు గుంపులూ డైనోసార్ల కాలంలోనే విడిపోయిన శాఖలకు చెందినవి. హైలిడే కప్పలకు దగ్గరి చుట్టాలు గరుకు చర్మంతో నేల మీద తిరిగే టోడ్‌లు. రాకోఫోరిడే కప్పలకు దగ్గరి చుట్టాలు చెరువుల్లో ఉండే మామూలు కప్పలు. అంటే మన బాత్రూమ్ గోడకు అతుక్కుని కనిపించే చెట్టు కప్పకు, వానాకాలం పొలంలో బెకబెకలాడే పెద్ద బోదురు కప్పతో ఉన్న బంధుత్వం యూరప్ ట్రీ ఫ్రాగ్‌తో లేదు. పేరు చూస్తే మాత్రం సరిగ్గా తలకిందులుగా అనిపిస్తుంది.

గుడ్లు పెట్టే తీరులో ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది. యూరప్, ఉత్తర అమెరికాల్లోని హైలిడే కప్పలు నేరుగా నీళ్లలో గుడ్లు పెడతాయి. మన దగ్గరి రాకోఫోరిడేలో చాలా రకాలు నీటి మీదికి వంగిన కొమ్మలకో, తొట్టి అంచుకో నురగ గూడు కడతాయి, తోకకప్పలు అందులోంచి జారి నీళ్లలో పడతాయి. ‘ట్రీ ఫ్రాగ్‌లు ఎలా పిల్లల్ని కంటాయి’ అని ఒకే శీర్షిక కింద రాసేవాళ్లు తరచూ బోల్తా పడేది ఇక్కడే.

ఇంకో వైపు నుంచి చూసినా ఈ పేరు కుదరదు. హైలిడే వర్గాన్ని ఇంగ్లిష్ పుస్తకాలు ‘ట్రీ ఫ్రాగ్ ఫ్యామిలీ’ అంటాయి. కానీ అందులోని అమెరికా క్రికెట్ ఫ్రాగ్‌లు నీటి ఒడ్డున నేల మీదే గెంతుతూ బతికేస్తాయి. సంప్రదాయంగా ఇందులోనే లెక్కేసే ఆస్ట్రేలియా నీళ్లు దాచుకునే కప్ప భూమిలో బొరియ తవ్వుకుని ఎండాకాలమంతా లోపలే ఉంటుంది. చెట్టుతో వీటికి ఏ సంబంధమూ లేదు. మరోవైపు ప్యూర్టోరికోలోని కోకీ కప్ప రాత్రంతా చెట్ల మీదే ఉంటుంది, దాని కుటుంబం మాత్రం పూర్తిగా వేరు.

యూరప్ నుంచి ఓడెక్కిన పేరు

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో యూరప్ చెట్టు కప్పకు రానా ఆర్బోరియా అని పేరు పెట్టాడు, ‘చెట్టు మీది కప్ప’ అనే అర్థంలో. పదేళ్లకు, 1768లో, లారెంటి అనే ఇంకో శాస్త్రవేత్త దాన్ని హైలా అనే ప్రజాతిలోకి (దగ్గరి జాతుల గుంపులోకి, శాస్త్రీయ నామంలో మొదటి మాట అదే) మార్చాడు. యూరప్‌లో చెట్లెక్కే కప్పలంటే ఆ ఒక్క రకమే కాబట్టి ట్రీ ఫ్రాగ్ అనే మాటతో అక్కడ ఏ చిక్కూ రాలేదు. విశేషమేమిటంటే బ్రిటన్‌లో ఎవరూ కాదనలేని సొంత ట్రీ ఫ్రాగ్ అంటూ లేదు. ఇంట్లో లేని జంతువు పేరును ఇంగ్లిష్ వాళ్లు బయటి ప్రపంచానికి మోసుకెళ్లారన్నమాట.

వలస పాలన విస్తరించే కొద్దీ ఇండియాలో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో వేళ్లకు బిళ్లలున్న కప్ప కనబడితే చాలు, మాటల్లో ట్రీ ఫ్రాగ్ అన్నారు, శాస్త్రంలో హైలా అన్నారు. మన ఇళ్లల్లో కనిపించే చెట్టు కప్పకు బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే 1830లో పెట్టిన మొదటి పేరు హైలా మాక్యులాటా. అది హైలా కాదని తర్వాత తెలిసి పాలిపెడేట్స్ మాక్యులేటస్ అయ్యింది. శాస్త్రీయ నామంలో జరిగిన పొరపాటును దిద్దడానికి ఒక పద్ధతి ఉంది. వాడుక పేరులో దిద్దే పద్ధతి లేదు, అందుకే ‘ఇండియన్ ట్రీ ఫ్రాగ్’ అలాగే మిగిలిపోయింది.

ఈ కప్పకే ఇంకో ఇంగ్లిష్ పేరుంది, చునామ్ ఫ్రాగ్. చునామ్ అంటే సున్నం. సున్నం కొట్టిన గోడల మీద, గోడ రంగుకు దగ్గరగా తన రంగు మార్చుకుని కూర్చుంటుంది కాబట్టి మన దేశంలో ఉన్న దొరలు ఆ పేరు పెట్టుకున్నారు. అది చూసి, కొంతకాలం కలిసి బతికి పెట్టిన పేరు. ఆంధ్ర, తెలంగాణ ఇళ్లల్లో ఆ కప్పను ఎరిగిన ఎవరికైనా పేరు వినగానే అదే గుర్తొస్తుంది. ‘కామన్ ఇండియన్ ట్రీ ఫ్రాగ్’ అనే పేరు ఆ పని చెయ్యలేదు. మాక్యులేటస్ అంటే మచ్చలది అని కొందరు ‘స్పాటెడ్ ట్రీ ఫ్రాగ్’ అని కూడా రాస్తారు, ఇది మాత్రం ప్రమాదకరమైన అనువాదం. ఎందుకంటే ఆస్ట్రేలియాలో స్పాటెడ్ ట్రీ ఫ్రాగ్ అంటే అంతరించిపోయే అంచున ఉన్న వేరే కప్ప, లిటోరియా స్పెన్సెరి. ఇక్కడ అత్యంత మామూలు కప్ప, అక్కడ ప్రాణాపాయంలో ఉన్న కప్ప, ఇంగ్లిష్‌లో ఇద్దరికీ ఒకే పేరు.

ఒకే పేరుతో రెండు, ఒకే దానికి మూడు

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. ‘రెడ్ ఐడ్ ట్రీ ఫ్రాగ్’ అనగానే క్యాలెండర్ల మీద కనబడే మధ్య అమెరికా కప్ప, అగాలిక్నిస్ కాలిడ్రయాస్, గుర్తొస్తుంది. క్వీన్స్‌లాండ్ వాళ్లకు అదే పేరు తమ తూర్పు తీరపు అడవిలోని ఇంకో కప్పది. ‘బెల్ ఫ్రాగ్’ అంటే ఆస్ట్రేలియాలో ఒక గుంపు. అమెరికా దక్షిణాన మాత్రం గ్రీన్ ట్రీఫ్రాగ్‌కే అది పాత పల్లె పేరు, దూరం నుంచి దాని కూత ఆవు మెడలో గంటలా వినిపిస్తుంది కాబట్టి.

మన దేశంలో దీనికి అసలైన ఉదాహరణ ‘జెర్డన్స్ ట్రీ ఫ్రాగ్’. థామస్ జెర్డన్ నెల్లూరులో పనిచేసిన ఇంగ్లిష్ డాక్టరు, కడప అడవుల్లో 1986లో మళ్లీ కనబడ్డ కలివికోడికి ఇంగ్లిష్‌లో ఉన్నది ఆయన పేరే. ఆయన వర్ణించిన హైలా అనెక్టాన్స్ అనే ఈశాన్య భారతపు కప్పను జెర్డన్స్ ట్రీ ఫ్రాగ్ అంటారు, అది హైలిడే. అదే ఈశాన్యంలో, ఆయన గౌరవార్థం గుంథర్ అనే జంతుశాస్త్రవేత్త 1876లో పేరు పెట్టిన ఇంకో కప్పకూ అదే వాడుక పేరు, అది రాకోఫోరిడే. ఈ రెండోది 19వ శతాబ్దం తర్వాత కనబడకుండా పోయి, చెట్టు తొర్రల్లో బతుకుతూ మళ్లీ దొరికింది. 2016లో దానికి ఫ్రాంకిక్సాలస్ అనే కొత్త ప్రజాతినే ఏర్పాటు చేశారు. ‘జెర్డన్స్ ట్రీ ఫ్రాగ్ మళ్లీ దొరికింది’ అనే వార్తను పట్టుకుని ఎవరైనా పాత పుస్తకంలో ఆ పేరు తిరగేస్తే, ఎన్నడూ తప్పిపోని కప్ప పేజీ దగ్గర ఆగిపోయే అవకాశం బాగా ఉంది.

దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది ఆస్ట్రేలియాలో చూడొచ్చు. లిటోరియా రానిఫార్మిస్ అనే ఒకే కప్పను విక్టోరియా రాష్ట్రంలో గ్రోలింగ్ గ్రాస్ ఫ్రాగ్ అంటారు, న్యూ సౌత్ వేల్స్ వైపు సదర్న్ బెల్ ఫ్రాగ్ అంటారు, టాస్మేనియాలో గ్రీన్ అండ్ గోల్డ్ ఫ్రాగ్ అంటారు. పోనీ అంతటితో ఆగిందా అంటే లేదు. గ్రీన్ అండ్ గోల్డెన్ బెల్ ఫ్రాగ్ అని దాదాపు అదే పేరుతో ఇంకో జాతి ఉంది, లిటోరియా ఆరియా. సిడ్నీ ఒలింపిక్స్ కోసం హోమ్‌బుష్‌లోని పాత ఇటుకల గొయ్యిలో టెన్నిస్ కోర్టులు కట్టాలనుకున్నప్పుడు అక్కడ దొరికి, ఆ కోర్టులను వేరే చోటికి జరిపించింది ఈ ఆరియానే. రెండూ ముప్పులో ఉన్నవే, రెంటికీ రక్షణ ప్రణాళికలున్నాయి. రాష్ట్రాల మధ్య నివేదికలు పోల్చేటప్పుడు వాడుక పేరు ఒక్కటే ఉంటే ఎవరి లెక్క ఎవరిదో తేలదు.

ఈ పేర్లు ఎలా పుడతాయి

రంగు చూసి పెట్టినవి అన్నిటికంటే ఎక్కువ, నమ్మకానికి అన్నిటికంటే తక్కువ. చాలా చెట్టు కప్పలు వెలుతురునూ చలినీ బట్టి రంగు మారుస్తాయి, గ్రే ట్రీఫ్రాగ్ ఆకుపచ్చగా కనిపించడం అసాధారణమేమీ కాదు. శాస్త్రీయ నామాల్లోనూ ఈ తప్పు జరిగింది. ఆస్ట్రేలియా గ్రీన్ ట్రీ ఫ్రాగ్ జాతి పేరు సెరూలియా, అంటే నీలం. ఆ కప్ప ఆకుపచ్చ కనిపించేది నీలం కాంతి మీద పసుపు రంగు పొర ఉండటం వల్ల. సారాయిలో ముంచి ఇంగ్లండ్ పంపిన నమూనాలో ఆ పసుపు కరిగిపోయి నీలం మిగిలింది, 1790లో అచ్చయిన, ఆస్ట్రేలియా వలసలో డాక్టరుగా పనిచేసిన జాన్ వైట్ పుస్తకంలో అది నీలం కప్పగానే ఎక్కింది. అమెరికా గ్రీన్ ట్రీఫ్రాగ్ పేరు సినేరియస్, అంటే బూడిద రంగుది. వాడుక పేర్లు పచ్చ అంటుంటే శాస్త్రం ఒకదాన్ని నీలం అనీ ఒకదాన్ని బూడిద అనీ రాసి పెట్టింది. ఇక్కడ మాత్రం జనం మాటే నిజం.

కూతను బట్టి పెట్టిన పేర్లు ఎందుకో ఎక్కువ నిలకడగా ఉంటాయి. బార్కింగ్ ట్రీఫ్రాగ్ నిజంగానే కుక్క మొరిగినట్టు అరుస్తుంది, స్క్విరెల్ ట్రీఫ్రాగ్ ఉడత కోప్పడ్డట్టు, బర్డ్ వాయిస్డ్ ట్రీఫ్రాగ్ పిట్టలా. రాత్రిపూట కప్ప కనబడదు, వినబడుతుంది, కాబట్టి చెవి పెట్టిన పేరు కన్ను పెట్టిన పేరు కంటే నమ్మదగ్గదవుతుంది. గ్రే ట్రీఫ్రాగ్ అని అమెరికా తూర్పు భాగంలో పిలిచేది నిజానికి రెండు జాతులు. చూస్తే ఎవరూ తేడా చెప్పలేరు. ఒక దాని కణాల్లో 24 క్రోమోజోములు, రెండో దాంట్లో రెట్టింపు, 48. బయట నిలబడి తేడా పట్టాలంటే కూతే దిక్కు, 24 ఉన్న కోప్స్ గ్రే ట్రీఫ్రాగ్ కూత వేగంగా, కరుకుగా ఉంటుంది. న్యూజెర్సీలో మామూలు గ్రే ట్రీఫ్రాగ్ విరివిగా ఉంటే, కోప్స్ రకాన్ని ఆ రాష్ట్రం ముప్పున్న జాబితాలో చేర్చింది. అక్కడి తెలుగు కుటుంబాల్లో ఎవరింటి కిటికీ అద్దం మీదైనా ఒకటి అతుక్కుని కనబడితే, వట్టి ‘గ్రే ట్రీఫ్రాగ్’ అని రాసి ఫొటో పెట్టడం కంటే దాని కూతను ఫోన్లో రికార్డు చేసి జత చేస్తే ఆ నమోదుకు ఎంతో విలువ వస్తుంది.

ఊరి పేర్లదీ రంగుల కథే. పైన్ బారెన్స్ ట్రీఫ్రాగ్ పేరు న్యూజెర్సీ అడవులది, 2018 నుంచి ఆ రాష్ట్రపు అధికారిక ఉభయచరం కూడా. కానీ కరొలైనాల్లోనూ ఫ్లోరిడా, అలబామా వైపూ అది బతుకుతోంది.

శాస్త్రీయ నామం మాత్రం నిలకడగా ఉందా?

వాడుక పేర్లు నమ్మలేం, లాటిన్ పేరు వాడండి అన్నది అందరూ ఇచ్చే సలహా. సగమే నిజం. శాస్త్రీయ నామాలకు అంతర్జాతీయ నియమావళి ఉంది, ఏ జాతికైనా చెల్లే పేరు ఒక్కటే ఉండాలి, ముందు పెట్టిన పేరుకు ప్రాధాన్యం. కానీ ఆ పేరులో మొదటి సగం, అంటే ప్రజాతి, బంధుత్వాన్ని చెప్పాలి. బంధుత్వం గురించి తెలిసింది మారితే పేరూ మారాలి. జన్యు పరీక్షలు వచ్చాక చెట్టు కప్పల్లో ఇదే జరిగింది. 2005లో హైలా ప్రజాతిని బద్దలుకొట్టి చాలా వాటిని బయటికి పంపారు. 2016లో ఉత్తర అమెరికా కప్పల్ని హైలా నుంచి డ్రయోఫైటిస్‌కు మార్చారు, ఆస్ట్రేలియా గ్రీన్ ట్రీ ఫ్రాగ్‌ను లిటోరియా నుంచి తప్పించారు, అది రానోయిడియా అయ్యింది. అదే ఏడాది అదే పరిశోధన హైలిడేను మూడు కుటుంబాలుగా విడదీయమంది. కొందరు ఒప్పుకున్నారు, కొందరు పాత కుటుంబంలో ఉప విభాగాలుగానే ఉంచారు. అందుకే ఇవాళ ఒకే కప్పకు రెండు నమ్మకమైన వెబ్‌సైట్లలో రెండు లాటిన్ పేర్లు కనిపిస్తాయి, రెండూ తప్పు కాదు.

ఈ మొత్తం కాలంలో అమెరికాలో ‘స్ప్రింగ్ పీపర్’ అనే పేరు ఒక్కసారి కూడా మారలేదు. వసంతం రాగానే కీచుకీచుమనే ఆ బుల్లి కప్ప శాస్త్రంలో హైలా క్రూసిఫర్ నుంచి స్యూడాక్రిస్ క్రూసిఫర్ అయ్యింది, జనానికి తేడా తెలియలేదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఒక ప్రాంతంలో తరతరాలుగా వాడుతున్న పేరుకు ఉన్న బలం ఇది.

అయితే శాస్త్రం మారినప్పుడు వాడుక పేరును కూడా దాంతో పాటు మార్చాలని చూస్తే మాత్రం చిక్కు వస్తుంది. పశ్చిమ తీరపు పసిఫిక్ ట్రీ ఫ్రాగ్ కూడా స్యూడాక్రిస్‌లోకి వెళ్లింది, ఆ ప్రజాతిని ఇంగ్లిష్‌లో కోరస్ ఫ్రాగ్‌లంటారు కాబట్టి కొందరు దాన్ని పసిఫిక్ కోరస్ ఫ్రాగ్ అనడం మొదలుపెట్టారు, మిగతావాళ్లు ఒప్పుకోలేదు, ఇప్పుడు రెండు పేర్లూ నడుస్తున్నాయి. తర్వాత 2006లో ఒక పరిశోధన దాన్ని మూడు జాతులుగా విడగొట్టింది, దాంతో ఇంకా కొత్త పేర్లు వచ్చాయి. సినిమాల్లో ఏ దేశపు అడవి చూపించినా వినిపించే ‘రిబిట్’ అనే కప్ప కూత దీనిదే, హాలీవుడ్ వాళ్లకు దగ్గర్లో దొరికింది కాబట్టి రికార్డు చేసేశారు. ప్రపంచంలో చాలా కప్పలు అలా అరవవు.

ట్రీఫ్రాగా, ట్రీ ఫ్రాగా

రెండు మాటలుగా రాయాలా, కలిపి ఒకే మాటగా రాయాలా అన్నది కూడా ఇంగ్లిష్‌లో తేలలేదు. అమెరికా ఉభయచర, సరీసృప శాస్త్రవేత్తల సంఘం 1978 నుంచి ప్రామాణిక ఇంగ్లిష్ పేర్ల జాబితా వేస్తోంది. అందులో కలిపి రాస్తారు, ప్రతి పదాన్నీ పెద్దక్షరంతో మొదలుపెడతారు. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో విడదీసి రాయడమే ఎక్కువ. కీటకాల వాళ్ల దగ్గర ఒక చక్కటి పద్ధతి ఉంది: నిజమైన ఈగ అయితే ‘హౌస్ ఫ్లై’ అని విడదీస్తారు, ఈగ కాని తూనీగను ‘డ్రాగన్‌ఫ్లై’ అని కలుపుతారు. ఆ లెక్కన ట్రీ ఫ్రాగ్ నిజంగా కప్పే కాబట్టి విడదీయాలి. కానీ కప్పల శాస్త్రవేత్తలకు ఆ రూలు వర్తించదు, అమెరికా జాబితా కూడా మెక్సికోకు ఉత్తరాన ఉన్న జంతువుల వరకే. అది సిఫారసు, చట్టం కాదు. వెతికేటప్పుడు మాత్రం రెండు రూపాలూ కొట్టి చూడటం మంచిది, లేకపోతే సగం సమాచారం దొరకదు.

పేరు తప్పితే ప్రాణం పోయే చోట్లు

ఫ్లోరిడాలో క్యూబన్ ట్రీఫ్రాగ్ బయటి నుంచి వచ్చి స్థిరపడిన జాతి, స్థానిక చెట్టు కప్పల్ని తినేస్తుంది. కనబడితే బాధ లేకుండా చంపమని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నిపుణులే ప్రజలకు చెబుతారు. కానీ దాని రంగు బూడిద నుంచి పచ్చ వరకు మారుతుంది, పిల్లలు స్థానిక కప్పల్లాగే ఉంటాయి. ‘ట్రీఫ్రాగ్’ అన్న సగం మాట మాత్రమే గుర్తుపెట్టుకుని రంగంలోకి దిగితే చచ్చేది కాపాడాల్సిన కప్పే. అందుకే అక్కడి సూచనలు పేరు దగ్గర ఆగకుండా గుర్తులు చెబుతాయి: వేలి బిళ్లలు మరీ పెద్దవిగా ఉంటాయి, తల మీద చర్మం పుర్రెకు అతుక్కుపోయి కదలదు.

వ్యాపారంలో ఇంకో రకం ఇబ్బంది. పెంపుడు జంతువుల అంగళ్లలో ఆస్ట్రేలియా గ్రీన్ ట్రీ ఫ్రాగ్ ‘వైట్స్ ట్రీ ఫ్రాగ్’ అవుతుంది, ‘డంపీ’ అవుతుంది. వైట్ అంటే తెలుపు కాదు, పైన చెప్పిన జాన్ వైట్. అమెజాన్ మిల్క్ ఫ్రాగ్‌కు ‘మిషన్ గోల్డెన్ ఐడ్ ట్రీ ఫ్రాగ్’ అనే పేరూ ఉంది. కొత్త పేరు పెడితే కొత్త సరుకులా అమ్ముడవుతుంది, ఎవరూ ఆపలేరు. వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం దీన్ని ముందే గ్రహించి శాస్త్రీయ నామాల మీదే నడుస్తుంది. 2010లో దోహా సమావేశంలో అగాలిక్నిస్ ప్రజాతి మొత్తాన్నీ అనుమతి కావాల్సిన జాబితాలో చేర్చారు, ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునే అవకాశం ఉంది కాబట్టి. ‘రెడ్ ఐడ్ ట్రీ ఫ్రాగ్’ అనిపించుకునే రెంటిలో ఇందులోకి వచ్చేది మధ్య అమెరికా కప్ప మాత్రమే, అదే పేరున్న ఆస్ట్రేలియా కప్ప ఆ ప్రజాతిది కాదు.

తెలుగులో రాసేటప్పుడు

మనకు ‘చెట్టు కప్ప’ అనే మాట ఉంది, అది ఏ కుటుంబానికీ కట్టుబడి లేదు, అదే దాని సుఖం. ఇబ్బంది ఇంగ్లిష్ పేరును ముక్కకు ముక్క మార్చినప్పుడు వస్తుంది. ‘పచ్చ చెట్టు కప్ప’ అని రాస్తే చదివేవాళ్లకు పచ్చది చెట్టో కప్పో కూడా తెలియదు, ఏ దేశానిదో అసలే తెలియదు. ‘అమెరికా గ్రీన్ ట్రీఫ్రాగ్’, ‘ఆస్ట్రేలియా గ్రీన్ ట్రీ ఫ్రాగ్’ అని దేశం ముందు చేర్చి, మొదటిసారి వచ్చినచోట శాస్త్రీయ నామాన్ని తెలుగు లిపిలోనే ఇస్తే సగం గొడవ తీరిపోతుంది. పేరు ఈమధ్య మారి ఉంటే పాతదీ ఇవ్వాలి, ఎందుకంటే పాఠకుడు వెతికేటప్పుడు దొరికే పుస్తకాల్లో ఎక్కువ వాటిలో ఉండేది పాత పేరే. ‘ఫ్లయింగ్ ఫ్రాగ్’ లాంటి వాటిని ఎగిరే కప్ప అనకుండా గాల్లో జారే కప్ప అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది, మలబార్ కప్ప విషయంలో ఇంగ్లిష్ వాళ్లు కూడా ‘గ్లైడింగ్’ అనే మాటకు వచ్చేశారు. మన ఇంటి కప్ప గురించి రాసేటప్పుడు మాత్రం చునామ్ ఫ్రాగ్ అనో, పాలిపెడేట్స్ మాక్యులేటస్ అనో రాయడం మేలు, ఆ రెండు పేర్లూ ఇంకే కప్పకూ పోవు.